గోడ పట్టకుండా

ప్లేట్లక్క ఇరవై రెండేళ్ళుగా ఒకే మాట వాడుతోంది: పెరిగింది.

పొద్దున ఎనిమిదిన్నరకి ఆసుపత్రి ల్యాబ్‌కి వస్తుంది. బయటి చెప్పులు విడిచి లోపలి చెప్పులు తొడుక్కుంటుంది, కోటు తగిలించుకుంటుంది, వెచ్చగా ఉండే ఇన్‌క్యుబేటర్ తలుపు తీస్తుంది. అందులో అరచేతిలో పట్టేంత గుండ్రటి ప్లేట్లు దొంతర్లుగా ఉంటాయి. ఒక్కొక్కటీ తీసి కిటికీ వెలుగుకి ఏటవాలుగా పట్టుకుని చూస్తుంది. "పెరిగింది," అంటుంది. పక్క సీట్లో సీనియర్ రాసుకుంటాడు. "పెరగలేదు," అంటుంది. అదీ రాసుకుంటాడు. మధ్యాహ్నం దాకా ఆ గదిలో అంతకంటే పెద్ద సంభాషణ జరగదు. అందుకే ఆసుపత్రి మొత్తానికి ఆమె ప్లేట్లక్క. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, అంతే.

పెరిగింది అంటే పెద్ద విషయమేం కాదు. రోగి నుంచి వచ్చిన చుక్కనో చెమ్మనో తిండి కలిపిన జెల్లీ మీద గీతలు గీసి వదిలేస్తారు. అందులో కంటికి కనపడని ప్రాణి ఏదైనా ఉంటే, రెండు మూడు రోజుల్లో సంసారం పెట్టేసి కనపడేంత అవుతుంది. అంటే ల్యాబ్‌లో 'పెరిగింది' అంటే 'ఉంది' అని. ఈ సంగతి ప్లేట్లక్కకి ఎంతగా వంటబట్టిందంటే, బయట జనానికి ఆ మాట వేరేలా వినపడుతుందేమో అన్న ఆలోచనే ఎప్పుడూ రాలేదు.

ఆమె అసలు నర్సు అవుదామని చేరింది. మొదటి వారంలోనే ఎవరికో సూది గుచ్చుతుంటే నెత్తుటి చుక్క చూసి, చేతిలో ట్రేతో సహా, పక్కనున్న పెద్ద నర్సుతో సహా కింద పడింది. పెద్ద నర్సు నుదురు రుద్దుకుంటూ లేచి, "అమ్మాయ్, నువ్వు పేషెంట్ల పక్కన వద్దులే. పేషెంట్ల నుంచి వచ్చేవాటి పక్కన ఉండు," అంది. అలా ల్యాబ్‌లో పడింది. అక్కడ కూడా ఫంగస్ బల్ల అంటే ఎవరికీ పడదు. బ్యాక్టీరియా అయితే ఒక్క రోజులో తేలిపోతుంది. ఫంగస్ తీరిగ్గా వస్తుంది, పైగా వాసన. ఆమెకి ఆ నెమ్మదే నచ్చింది. ఇంట్లో మొగుడు బస్సు డిపోలో టైర్లు మార్చే మనిషి. మోచేతుల దాకా నల్లటి గ్రీజు. రోజూ సాయంత్రం ఆమె గుమ్మంలో అడుగు పెట్టగానే ఆయనే అడుగుతాడు, "చేతులు కడుక్కున్నావా?" అని.

అన్నిటికంటే ఇష్టమైన పని తోక పరీక్ష. పుస్తకాల్లో దానికి వేరే పేరుంది, ల్యాబ్‌లో ఎవరూ వాడరు. క్యాండిడా అని ఒక ఫంగస్ ఉంటుంది. ప్లేటు మీద పాలమీగడ రంగులో బొట్లు బొట్లుగా పెరుగుతుంది, పులిసిన పిండి వాసన వేస్తుంది. మైక్రోస్కోప్ కింద చూస్తే గుండీల్లా గుండ్రంగా, ఏ పాపం ఎరగనట్టు ఉంటుంది. దాన్ని పిసరంత తీసి సీరంలో కలపాలి. సీరం అంటే నెత్తురు గడ్డకట్టాక పైన తేలే పసుపు నీరు. పసుపు కాబట్టి ఆమెకి కళ్ళు తిరగవు. ఒంటి వేడిలో రెండున్నర గంటలు ఉంచితే ఆ గుండీకి సన్నటి తోక మొలుస్తుంది. తోక వచ్చిందా, అది ఫలానా జాతి అని తేలిపోయినట్టే. భోజనానికి ముందు పెట్టి, తినొచ్చి చూస్తుంది. ఎన్ని వేలసార్లు చూసినా, తోక కనపడగానే "వచ్చిందిరోయ్" అనకుండా ఉండలేదు.

ఇక ల్యాబ్ బయట ఒక కిటికీ ఉంది. రిపోర్టులు అక్కడే ఇస్తారు. తీసుకున్నవాళ్ళు అక్కడే నిలబడి చదువుతారు, మొహాలు మారతాయి, "అక్కా, ఇదేంటక్కా?" అంటారు. రిపోర్టుకి అర్థం చెప్పడం ల్యాబ్ వాళ్ళ పని కాదు, చెప్పకూడదు. అందుకని ఆమెకి రెండో మాట కూడా ఉంది: డాక్టర్ గారిని అడగండి. ఈ రెండు మాటలతోనే ఉద్యోగం హాయిగా గడిచిపోయింది, అన్నయ్య దాకా వచ్చేవరకు.

అన్నయ్యది నీళ్ళ ఉద్యోగం. ఒక క్లబ్బులో ఈతకొలను చూసుకుంటాడు. వయసు యాభై ఒకటి. పొద్దున్నే వెళ్ళి చిన్న గాజు గొట్టంలో కొలను నీళ్ళు తీసి, చుక్కలు వేసి, రంగు చూస్తాడు. దాన్నిబట్టి క్లోరిన్ కలుపుతాడు. తర్వాత పొడుగాటి కర్ర బ్రష్ పట్టుకుని చుట్టూ తిరుగుతూ, నీళ్ళ కింద గోడని పలక పలకా రుద్దుతాడు. పేటలో సగం మంది పిల్లలకి ఈత నేర్పింది ఆయనే. సొంత చెల్లెల్ని మాత్రం మోకాళ్ళ లోతు దాటించలేకపోయాడు. చెల్లెలి బల్ల సంగతి తెలిసినప్పటి నుంచి ఆమెని "బూజూ" అని పిలుస్తాడు. ఆమె "ఏంటి పాచన్నయ్యా" అంటుంది. ఇద్దరి ఉద్యోగాలూ ఒకటేనని వదిన నవ్వుతుంది. ఒకళ్ళు పెంచుతారు, ఒకళ్ళు గీకుతారు.

క్లబ్బులో పనిచేసే అందరికీ ఏడాదికోసారి ఆరోగ్య పరీక్షలు చేయిస్తారు. ఆ ఏడాది మల పరీక్ష డబ్బాలు ప్లేట్లక్క ల్యాబ్‌కే వచ్చాయి. అన్నయ్యది కూడా. పురుగుల్లేవు, జబ్బు చేసే బ్యాక్టీరియా లేదు, అంతా శుభ్రం. అక్కడితో ఆగాలి. కానీ ఆ రోజు ఫంగస్ ప్లేట్లు పదకొండు పోస్తే శాంపిళ్ళు పదే వచ్చాయి. మిగిలిన ప్లేటు రేపటికి ఎండిపోతుంది. ఎదురుగా అన్నయ్య డబ్బా ఉంది. ఎవరూ అడగలేదు, ఏ చీటీలోనూ రాయలేదు. వంటింట్లో మిగిలిన పిండితో ఇంకొక్కటి వేసేసినట్టు, గీసేసింది.

రెండు రోజులకి అయిదు మీగడ బొట్లు వచ్చాయి. తోక పరీక్ష పెట్టింది. తోక వచ్చింది. ఎవరెవరివో ఫంగస్‌లు చూసి చూసి, మొదటిసారి సొంతవాళ్ళది చూస్తోంది. పాత ఫోటోల కట్టలో అన్నయ్య మొహం కనపడినంత సంబరమైంది. వసారాలోకి వచ్చి ఫోన్ కొట్టింది.

"అన్నయ్యా! నీ రిపోర్ట్ అంతా శుభ్రం. ఇంకో సంగతి చెప్పనా? నీది ఊరికే ఫంగస్ ప్లేటు కూడా వేశా. పెరిగింది!"

అటుపక్క పంపు మోత. "ఏంటి పెరిగింది?"

"ఫంగస్! నీ కడుపులోది. బ్రహ్మాండంగా పెరిగింది. తోక కూడా వచ్చింది తెలుసా, ఎంత పొడుగో!"

పంపు మోత ఆగిపోయింది. ఆయనే ఆపేశాడు. "ఇప్పుడేం చేయాలి?"

సరిగ్గా అప్పుడే లోపల్నుంచి సీనియర్ పిలిచాడు. ఇరవై రెండేళ్ళ అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. "డాక్టర్ గారిని అడుగు," అనేసి ఫోన్ పెట్టేసింది.

అన్నయ్య ఏ డాక్టర్నీ అడగలేదు. పాచి గురించి ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. కొలను పచ్చబడితే ఏం చేయాలో ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్నాడు. గేటు మూసేయాలి, ఎవర్నీ దిగనివ్వకూడదు. మామూలుగా వేసేదానికి నాలుగింతలు మందు ఒక్కసారే వేసేయాలి. దాన్ని వాళ్ళ భాషలో షాక్ అంటారు. రెండు రోజులు ఆగి చూస్తే నీళ్ళు మళ్ళీ నీలంగా మెరుస్తాయి. కడుపైనా అంతే కదా అనుకున్నాడు.

పన్నెండో రోజు, ఆదివారం పొద్దున, వదిన నుంచి ఫోన్ వచ్చింది. "మీ అన్నయ్య గేటు మూసేశాడమ్మా," అంది.

"ఏ గేటు వదినా?"

"నోరు! అన్నం లేదు, రొట్టె లేదు, పలచటి జావ రెండు గ్లాసులు, అంతే. ఏంటయ్యా అంటే నా చెల్లెల్ని అడుగు అంటాడు. ఏం చెప్పావే తల్లీ?"

అరగంటలో ప్లేట్లక్క అక్కడుంది. వదిన స్కూలు యూనిఫారాలు కుడుతుంది. ముందుగదిలో కుట్టు మిషను, చుట్టూ నీలం లాగుల గుట్టలు. లోపల మంచం మీద అన్నయ్య. చొక్కా ఎవరిదో అడిగి వేసుకున్నట్టు వేలాడుతోంది. వారం నుంచి విరేచనాలు. పనికి సెలవు పెట్టి అయిదు రోజులైంది.

"ఏమే బూజూ," అన్నాడు, గొంతు గీరుకుపోయినట్టు. "ఇది చూడు." నాలుక బయటపెట్టాడు.

నాలుక మీద తెల్లటి మీగడ తెట్టె. బుగ్గల లోపల కూడా. ఆమెకి అదేంటో అడగక్కర్లేదు. వార్డుల నుంచి దూది పుల్లల మీద రోజూ వచ్చేదే. కాకపోతే ఇప్పటిదాకా పుల్ల చివరే చూసింది, మనిషి మొహంలో చూడలేదు. మంచం పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. నెత్తురు చూస్తేనే కళ్ళు తిరుగుతాయనుకుంది ఇన్నాళ్ళూ.

"చూశావా, పైదాకా వచ్చేసింది," అన్నాడు అన్నయ్య. "ఇంకా గట్టి మందు వేయాలి."

"ఏం మందు వేస్తున్నావు?"

దిండు కింద నుంచి మాత్రల అట్టలు తీశాడు. "పొట్ట కడిగేసేవి ఏవైనా గట్టివి ఇమ్మని మందుల షాపులో అడిగా. రోజుకి ఒకటి వేసుకో అన్నాడు. నాలుగు వేస్తున్నా. షాక్ కదా."

అట్ట తిప్పి చూసింది. బ్యాక్టీరియాని చంపే మందు. ఫంగస్ వెంట్రుక కూడా కదలదు దీనికి. "ఇవి ఇంక ముట్టుకోకు అన్నయ్యా. నీకేం లేదు. అసలు నీకేం లేదు!"

"నువ్వే కదా చెప్పావు పెరిగిందని."

"పెరిగింది అంటే ప్లేటు మీద!"

"రెండ్రోజులు తిండి పెట్టిన ప్లేటులోనే బ్రహ్మాండంగా పెరిగితే, యాభై ఏళ్ళుగా తిండి పెడుతున్న కడుపులో ఎంత పెరిగుంటుంది? చెప్పు."

 ఎన్ని ప్లేట్లు చూసినా, ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. ఇదేంటక్కా అన్నవాళ్ళందర్నీ డాక్టర్ గారి దగ్గరికి పంపేసింది. "రేపు ఆసుపత్రికి రా," అంది. "మందు దిగాక వస్తా," అని అటు తిరిగి పడుకున్నాడు. వదిన ఎంత అరిచినా ఇటు తిరగలేదు.

సోమవారం పొద్దున ప్లేట్లు తీయకుండానే పెద్ద మేడమ్ గదిలోకి వెళ్ళింది. పెద్ద మేడమ్ అంటే ల్యాబ్ మొత్తానికి పెద్ద డాక్టర్. కళ్ళజోడు తలమీద పెట్టుకుని, దాని కోసం బల్లంతా వెతికే మనిషి. ప్లేట్లక్క మిగిలిన ప్లేటు దగ్గర్నుంచి తెల్ల నాలుక దాకా అన్నీ చెప్పింది. మేడమ్ కళ్ళజోడు దొరికించుకుని, పెట్టుకుని, ఆమె వైపు తిరిగింది.

"ఫంగస్ మీ అన్నయ్య కడుపులో పెరగలేదు. నీ నోట్లో పెరిగింది," అంది. "చీటీ లేని శాంపిల్ ఎందుకు వేశావు?"

"ప్లేటు ఎండిపోతుందని మేడమ్."

"ఎండనివ్వాల్సింది. సరే, విను. చాలామంది కడుపుల్లో అది ఉంటుంది. నాలోనూ ఉండొచ్చు, నీలోనూ ఉండొచ్చు. గుండ్రంగా, బుద్ధిగా పడుంటుంది. ఎందుకు పడుంటుంది? పేగు గోడ పడుండనిస్తుంది కాబట్టి. గోడలో సన్నటి గుంటలుంటాయి. వాటి అడుగున కొన్ని కణాలు కూర్చుని చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు చిమ్ముతుంటాయి, పెప్టైడ్లంటారు. గుండ్రంగా ఉన్నంతసేపు ఫంగస్‌ని పెద్దగా పట్టించుకోవు. తోక చాచి గోడ మీదకి వచ్చిందా, దాని పొరకి చిల్లు పొడుస్తాయి."

"మరి మన ట్యూబులో తోక ఎంత బాగా వస్తుందో కదా మేడమ్?"

"మన ట్యూబులో గోడెక్కడుంది? కాపలా ఎక్కడుంది? సీరం పోసి, వెచ్చగా కూర్చోబెట్టి, తోక రావే తల్లీ అని మనమే బతిమాలుతున్నాం." మేడమ్ కుర్చీ ముందుకి జరిపింది. "ఆ కాపలాకి తోడు మంచి బ్యాక్టీరియా ఉంటుంది. ఫంగస్‌కి చోటివ్వదు, గోడని గిల్లుతూ మేలుకునేలా చేస్తుంది. మీ అన్నయ్య వరసపెట్టి చంపింది దాన్ని. ఇంట్లోవాళ్ళందర్నీ బయటికి పంపి తలుపులు తీసి పెట్టాడన్నమాట. ఇవాళే తీసుకురా. తిండి లేదు, ఒంట్లో నీళ్ళు పోతున్నాయి. ఆ తెల్లది గొంతులోకి దిగితే మింగలేడు. అరుదే కానీ, ఇంకా నీరసిస్తే నెత్తుట్లోకి కూడా దారి చూసుకుంటుంది. అప్పుడు వచ్చే శాంపిల్‌కి చీటీ ఉంటుంది. నువ్వే చూడాలి."

ప్లేట్లక్క కోటు విప్పకుండానే ఆటో ఎక్కింది. దారంతా గుంటలు, పెప్టైడ్లు, గిల్లడం అని నెమరేసుకుంటూనే ఉంది. అన్నయ్యకి ఇవన్నీ ఎలా చెప్పాలో తెలియలేదు.

చెప్పాల్సిన అవసరం పడలేదు, లేదా సగమే పడింది. ఆమె గుమ్మంలో ఉండగానే అన్నయ్య ఫోన్ మోగింది. చేత్తో పట్టుకునే ఓపిక లేక స్పీకర్ పెట్టి ఛాతీ మీద పెట్టుకున్నాడు. ఆయన సెలవులో కొలను చూసుకోమని తోటమాలిని పెట్టారు. మాట్లాడుతోంది అతనే.

"అన్నా, నీళ్ళు అద్దంలా ఉన్నాయి. కానీ దిగినవాళ్ళంతా కళ్ళెర్రగా చేసుకుని పైకొచ్చి నన్ను తిడుతున్నారు. ఒళ్ళు మంటంట. క్లబ్బు సెక్రటరీ మూసేయమన్నాడు. నా తప్పేంటన్నా?"

"మందు ఎంతేస్తున్నావు?"

"పచ్చబడినప్పుడు నువ్వు వేస్తావు చూడు, అంత."

"ఎన్నిసార్లు వేశావు?"

"రోజూ. మరి పాచి ఉండకూడదు కదన్నా!"

అన్నయ్య మోచేతుల మీద లేచాడు. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ గొంతు. "బుర్రుందా నీకు? రోజూ షాకేస్తే అవి నీళ్ళా, మందు డబ్బానా? పాచి ఉండకపోవడం ఏంటి? పాచి ఎప్పుడూ ఉంటుంది! గాలిలో వస్తుంది, ఆకులకి వస్తుంది, వాళ్ళ కాళ్ళకి వస్తుంది. పాచి లేకుండా చేయడం కాదురా మన పని, అది గోడ పట్టకుండా చూడటం. గోడ పట్టకుండా! రోజూ కొంచెం మందు, రోజూ బ్రష్. బ్రష్ ముట్టుకున్నావా అసలు?"

"లేదన్నా."

"పెట్టేయ్ ఫోను!"

దగ్గొచ్చి వెనక్కి వాలిపోయాడు. కుట్టు మిషను ఆగింది. వదిన లాగు చేత్తో పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది.

ప్లేట్లక్క మంచం పక్కన కూర్చుంది. "అన్నయ్యా, అతనికి చెప్పింది నాకోసారి చెప్పు."

"ఏది?"

"పాచి గురించి."

"ఏం చెప్పాను, ఎప్పుడూ ఉంటుందన్నాను. గోడ పట్టకుండా..." అక్కడ ఆగాడు. చెల్లెలి మొహం చూశాడు. కోటు చూశాడు. "చెప్పు," అన్నాడు.

"నీ కడుపులోనూ గోడుంది. దానికీ బ్రష్ పట్టుకున్నవాడు ఉన్నాడు. ఫంగస్ గుండ్రంగా తేలుతున్నంతసేపు ఏమనడు, తోక చాచి గోడ మీద చెయ్యేసిందా, రుద్దేస్తాడు. నేను చూసిన తోక నేను రప్పించింది. నీలో రాలేదు. నువ్వు పుట్టినప్పటి నుంచి వాడు సెలవు పెట్టలేదు. నువ్వే పన్నెండు రోజులుగా వాడి నీళ్ళలో షాక్ పోస్తున్నావు. పాచి చావలేదు, వాడి మనుషులు చచ్చారు. అందుకే ఇప్పుడు నాలుక మీదకి వచ్చింది. ఇంతకుముందు లేదు చూడు, ఇప్పుడు వచ్చింది."

అన్నయ్య ఆమె వైపు తిరిగాడు. "మరి బ్రహ్మాండంగా పెరిగిందన్నావు."

"అయిదు బొట్లు. అయిదే. నాకు ముచ్చటేసి అన్నాను." దుప్పటి ఆయన కాళ్ళ మీదకి లాగింది. "నేను అలా అనకుండా ఉండాల్సింది అన్నయ్యా. ఉంది అని చెప్పుంటే సరిపోయేది. డాక్టర్ని అడుగు అని పెట్టేయకుండా ఉన్నా సరిపోయేది."

 ఆయన దిండు కింద చెయ్యి పెట్టి, మిగిలిన మాత్రల అట్టలు తీసి ఆమె కోటు జేబులో కుక్కాడు. "వాడికి గోడ కనపడనంత మందు పోశాను," అన్నాడు, ఎవరో తోటి ఉద్యోగికి జరిగిన నష్టం గురించి మాట్లాడినట్టు. "చెప్పులు ఎక్కడున్నాయి?"

ఆసుపత్రిలో రెండు రోజులు సెలైన్ పెట్టారు. నోట్లో పుక్కిలించి మింగమని పసుపు పచ్చటి మందు ఇచ్చారు, ఈసారి ఫంగస్‌దే, డాక్టర్ రాసిందే, చెప్పిన కొలతే. మూడోరోజు ఇంటికి వెళ్తుంటే, మెత్తటి అన్నం, పెరుగు మొదలుపెట్టమన్నారు. అన్నయ్య మొహం చిట్లించాడు. "పెరుగు మంచిదంటావా?" అని గొణిగాడు.

"పెరిగింది అంటే నమ్మావు, పెరుగు అంటే నమ్మవా?" అంది వదిన. వార్డులో పక్క మంచం ఆయన కుట్లు పట్టుకుని నవ్వాడు.

పెద్ద మేడమ్ ప్లేట్లక్కకి ఒక కాగితం ఇచ్చింది. జరిగిందంతా రాసి సంతకం పెట్టమంది. పెట్టింది. అది ఫైల్లో ఉంది. ఇప్పుడు ప్లేట్లు మిగిలితే చెత్తడబ్బాలో వేస్తుంది, వేస్తున్నప్పుడు కొంచెం ప్రాణం ఉసూరుమంటుంది. బల్ల దగ్గర ఇప్పటికీ "పెరిగింది" అనే అంటుంది, సీనియర్ రాసుకుంటాడు. కిటికీ దగ్గర మాత్రం మాట కొంచెం పొడుగైంది. "అక్కా, పెరిగిందని ఉందేంటక్కా?" అంటే, "ప్లేటు మీద పెరిగిందని, మీలో ఎక్కువైందని కాదు. ఏం చేయాలో డాక్టర్ గారు చెప్తారు. ఆయన చెప్పేదాకా మీ అంతట మీరు ఏ మందూ కొనకండి," అంటుంది. దీంతో కిటికీ దగ్గర లైను కాస్త నెమ్మదిగా కదులుతోందని సీనియర్ రెండుసార్లు సణిగాడు.

అయిదు వారాల తర్వాత ఒక ఆదివారం పొద్దున క్లబ్బుకి వెళ్ళింది. అన్నయ్య పనిలో ఉన్నాడు. చొక్కా మళ్ళీ ఆయన చొక్కాలాగే ఉంది. ఇంకా ఎవరూ దిగలేదు, కొలను కదలకుండా ఉంది. ఆయన బ్రష్ కర్ర పట్టుకుని నెమ్మదిగా పక్కకి నడుస్తూ గోడ రుద్దుతున్నాడు. ఆమె గట్టు మీద కూర్చుని మోకాళ్ళ దాకా కాళ్ళు నీళ్ళలో పెట్టింది.

"మళ్ళీ ప్లేటు వేస్తావా నాది?" అన్నాడు.

"వెయ్యను. చీటీ లేనిదే వెయ్యను."

"వేస్తే?"

నీళ్ళలో కాలి వేళ్ళు ఆడించింది. "ఉండొచ్చు," అంది. "ఉంటుంది."

"ఉంటుందిలే," అన్నాడు. ఒక పలక జరిగాడు. "తోకో?"

"నేను బతిమాలితే వస్తుంది. లేకపోతే నీ వాడు రానివ్వడు."

తలూపాడు. తర్వాత ఆమె కాళ్ళ వంక చూశాడు. "కాళ్ళు కడుక్కున్నావా?"

"లేదు."

"లే. ముందు లే. ఎక్కడెక్కడి పాచీ మీ కాళ్ళకే వస్తుంది."

ఆమె లేచి కుళాయి దగ్గరికి వెళ్ళి, సబ్బు పెట్టి మరీ కడుక్కుని వచ్చింది. ఆలోపు ఆయన ఆమె కాళ్ళు పెట్టినచోట గోడని రెండుసార్లు రుద్దేసి, పక్క పలక మీదకి వెళ్ళిపోయాడు.